ఐర్లండు పల్లెలలో పెండ్లి సంబంధములు

ఐర్లండు దేశపు పశ్చిమ తీరమున పాతకాలపు రైతును 'నీకెంత భూమి ఉన్నది?' అని అడిగినచో, అతడు ఎకరముల లెక్క చెప్పుట అరుదు. 'ఆరు ఆవుల మేపు' అనియో, 'పది ఆవుల మేపు' అనియో చెప్పెడివాడు. ఆ పొలముమీద ఎన్ని ఆవులు ఏడాది పొడుగున మేసి బ్రదుకగలవో అదియే దాని కొలత. వాన విడువక కురిసెడి ఆ ప్రాంతమున పంటకంటె పచ్చికకే విలువ యెక్కువ. ఒక యింట పెండ్లిమాట తలయెత్తినప్పుడు మొట్టమొదట వినబడెడిది కూడ ఈ ఆవుల లెక్కయే. పిల్లవాడెట్టివాడు, పిల్ల యెట్టిది అను ప్రశ్నలు దాని వెనుక వచ్చెడివి. శ్రోతలలో కొందరికి ఇది వింతగా తోచవచ్చును. కొందరికి ఏమాత్రము వింతగా తోచకపోవచ్చును.

19వ శతాబ్దపు నడిమి భాగము మొదలుకొని 20వ శతాబ్దపు నడిమి భాగము వరకు, అనగా సుమారు నూరేండ్లు, ఐర్లండు రైతు కుటుంబములలో పెండ్లిండ్లు పెద్దలు కుదిర్చిన సంబంధముల మూలముననే జరిగెడివి. ఐరిష్ భాషలో అట్టి సంబంధమునకు 'క్లౌనస్' అని పేరు. పైకి చూచిన అది యొక పిల్లను, ఒక పిల్లవానిని కలిపెడి ఏర్పాటు. లోతునకు పోయి చూచినచో, ఒక పొలము ఒక తరము చేతినుండి తరువాతి తరము చేతికి మారుటకు చేసికొన్న ఒప్పందము. ఆ ఒప్పందము ఎట్లు కుదిరెడిదో, దాని వెల ఎవరు చెల్లించిరో, అది ఎట్లు అంతరించినదో నేడు మనవి చేయదలచినాను.

ఈ సంగతులు మనకు తెలియుటకు రెండు మంచి ఆధారములు కలవు. 1937, 1938 సంవత్సరములలో ఐర్లండు జానపద సంఘమువారు సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలచేత ఒక గొప్ప పని చేయించిరి. ఇంటిలోని తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి పాత ఆచారములను, కథలను నోటు పుస్తకములలో వ్రాసికొని రమ్మనిరి. ఆ పుస్తకములు నేటికిని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజిలో భద్రముగా నున్నవి. పెండ్లి ఆచారములును అందొక విషయము. అంతకు కొలది సంవత్సరముల ముందు కాన్రడ్ ఆరెన్స్‌బర్గ్, సోలన్ కింబాల్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞులిద్దరు క్లేర్ జిల్లాలో రైతుల నడుమ నివసించి, వారి కుటుంబ జీవనమును పరిశీలించి, 1940లో ఒక గ్రంథము ప్రకటించిరి. సంబంధము కుదుర్చు తీరు అందు విపులముగా వర్ణింపబడినది.

ఈ ఆచారము బలపడుటకు వెనుక ఒక మహావిపత్తు ఉన్నది. 1845కు పూర్వము ఐర్లండు బీదరైతులు పిన్న వయస్సుననే పెండ్లాడెడివారు. తండ్రి తనకున్న కొంచెము చేనునే కొడుకులందరకు ముక్కలు చేసి పంచెడివాడు. చిన్న ముక్కలో బంగాళాదుంప వేసికొన్న చాలును, ఒక సంసారము గడచిపోయెడిది. 1841 జనాభా లెక్కలలో ఆ ద్వీపపు జనసంఖ్య 80 లక్షలు దాటినది. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలినది. ఆ పంట వరుసగా పాడయి వచ్చిన మహాక్షామమున సుమారు పది లక్షలమంది మరణించిరి. మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశము విడిచిరి.

చావగా మిగిలినవారు నేర్చిన పాఠమొక్కటే: భూమిని ముక్కలు చేయరాదు. భూస్వాములును కౌలు కమతములను ముక్కలు కానీయలేదు. తరువాత 1903లో వైండామ్ చట్టమును, దానికి ముందు వెనుకల మరికొన్ని చట్టములును వచ్చి, కౌలుదారులు తాము దున్నుకొను భూమిని కొనుక్కొనగలిగిరి. తాతముత్తాతలు పరుల భూమిగా దున్నిన చేను తన పేర వ్రాయబడిన పిమ్మట, రైతునకు దానిమీద మమకారము ఎంత పెరిగియుండునో చెప్పనక్కరలేదు. ఆ చేను చెక్కుచెదరక ఒక్క కొడుకునకే పోవలెను. ఒక్క కుమార్తెకు కట్నమిచ్చి పెండ్లి చేయవలెను. తక్కిన బిడ్డలు తమ దారి తాము చూచుకొనవలెను. ఏడుగురు, ఎనమండుగురు బిడ్డలున్న ఇంటిలో ఈ కట్టుబాటునకు అర్థమేమో శ్రోతలు ఊహింపగలరు.

పొలమునకు వారసుడు పెద్ద కొడుకే కావలెనను నియమము లేదు. తండ్రి తన యిష్టము వచ్చిన కొడుకును ఎన్నుకొనవచ్చును. ఆ మాట అతడు తుదివరకు పైకి చెప్పెడివాడు కాడు. చెప్పిన మరునాటినుండి ఇంటి పెత్తనము జారిపోవును గదా! పొలము తన పేరికి మారువరకు, ఏబదియేండ్ల బ్రహ్మచారి యైనను ఊరిలో అతనిని 'కుర్రవాడు' అనియే పిలిచెడివారు. సంతకు పోయి ఆవు నమ్మినను ఆ డబ్బు తండ్రి చేతిలో పెట్టవలసినదే. 1926 ప్రాంతమున ఐర్లండులో పెండ్లికొడుకు సగటు వయస్సు సుమారు 35, పెండ్లికూతురు సగటు వయస్సు సుమారు 29. ఆ కాలపు ఐరోపాలో ఇంత ఆలస్యముగ పెండ్లాడెడి జనము అరుదు.

ఇక సంబంధము కుదిరెడి తీరు వినుడు. తండ్రి ముదుసలి యగును. తల్లికి ఆవుల పాలు పితుక, పందులకు మేత పెట్ట ఓపిక తగ్గును. ఇంటిలోనికి ఒక కోడలు రావలెను. అప్పుడు మధ్యవర్తి రంగమున ప్రవేశించును. మనకు పెండ్లిళ్ళ పేరయ్య యున్నట్లే వారికిని అట్టివాడొకడు ఉండెడివాడు. అతడు బంధువైనను కావచ్చును, సంతలో పశువుల బేరము కుదిర్చెడివాడైనను కావచ్చును. నూరు అబద్ధము లాడియైనను ఒక పెండ్లి చేయుమన్న మన సామెత ఆ దేశమున లేకున్నను, దాని తాత్పర్యము వారికి చక్కగ తెలియును. ఫలానా యింట ఫలానా పిల్ల యున్నదనియు, ఆమె తండ్రి చేతిలో నాలుగు డబ్బులున్నవనియు అతడు వార్త తెచ్చును. ఇరువైపులవారును సంత ఊరిలో ఒక పానశాలలో కలిసికొందురు. అటు నలుగురు, ఇటు నలుగురు. మొదట పానపాత్రలు వచ్చును. వానల గూర్చి, పశువుల ధరల గూర్చి మాటలు సాగును. పిమ్మట మెల్లగా అసలు సంగతి వచ్చును.

"ఏమయ్యా, మీ పిల్లవాడి చేను ఎన్ని ఆవుల మేపు?"

"పది ఆవులు, ఒక గుఱ్ఱము. పైగా ఇరవై గొఱ్ఱెలు కొండమీద మేస్తవి. మూడువందల పౌన్లు తక్కువ కాకుండా ఇవ్వాలి."

"మూడువందలా! రెండువందలు ఇస్తాను. ఆపైన ఒక్క షిల్లింగు లేదు."

ఇరువురును లేచి కుర్చీలు వెనుకకు నెట్టుదురు. టోపీలు చేతబట్టుకొందురు. మధ్యవర్తి ఇద్దరి చేతులును పట్టుకొని, "కూర్చోండయ్యా, పెద్దవారు మీరు కోపపడితే ఎట్లా? మధ్యనున్న వందను సగానికి చీలుద్దాం" అని రెండు చేతులును కలుపును. ఇది నేను మచ్చునకు కల్పించి చెప్పిన సంభాషణ. సరిగా ఈ పద్ధతిలోనే ఆ సంతలలో దూడలును అమ్ముడుపోయెడివి. ఈ సామ్యము ఆ దేశపు మాటకారులకు తెలియనిది కాదు. తమమీద తామే వేసికొన్న ఛలోక్తులు వారి కథలలో కోకొల్లలు.

బేరము మాటవరుసకు కుదిరినను అంతటితో తీరలేదు. పిల్ల తండ్రియు, అతని పక్షము పెద్దలును ఒకనాడు పిల్లవాని పొలము చూడవత్తురు. దీనికి 'భూమి నడచుట' యని పేరు. గట్టు గట్టున నడచి, పచ్చిక ఎట్లున్నదో, నేల బురద యెంతయో, ఆవులు బలిసినవో బక్కచిక్కినవో చూతురు. కొట్టములోనికి తొంగిచూతురు. వచ్చెడివారికి గొప్పగా కనబడవలెనని పొరుగువాని ఆవులను ఆ ఒక్క దినమునకు తోలుకొనివచ్చి తన పొలములో నిలిపిన రైతుల కథలు ఆ పల్లెలలో అనేకము. వచ్చినవాడు తెలివైనవాడైన ఆవులు దారి తెలియక గేటువద్ద గుంపుకట్టి నిలుచుట చూచి నవ్వుకొని పోయెడివాడట.

ఆ మీదట ఇరువురును పట్టణమున వకీలు కచేరికి పోయి కాగితములు వ్రాసికొందురు. ఈ కాగితములలోనే యున్నది ఈ ఆచారపు కీలకము. తండ్రి ఆ దినమున పొలమును కొడుకు పేర వ్రాసియిచ్చును. తనకును తన భార్యకును బ్రతికినంత కాలము ఇంటిలో ఒక గది యిచ్చునట్లు షరతు పెట్టును. అది సామాన్యముగ ఇంటికి పడమటి వైపున నుండెడిది. ఆ గదితోపాటు వంటయింటి నిప్పుమీద హక్కు, ఒక ఆవు మేపు, కొన్ని చాళ్ళ బంగాళాదుంపలు, చలికి కాచుకొనుటకు పీటుగడ్డలు, ఆదివారమునాడు దేవాలయమునకు పోవుటకు బండిలో చోటు కూడ కొన్ని పత్రములలో వ్రాయబడెడివి. కన్న కొడుకు బండిలో తల్లికి చోటు ఉండునని స్టాంపు కాగితముమీద వ్రాయించుకొనుట మనకు కఠినముగా తోచును. ఐనను ఆ ముసలివారు లోకము చూచినవారు. ప్రేమయున్న చోట పత్రము అడ్డము రాదు, లేని చోట పత్రమే దిక్కని వారెరుగుదురు. పొలము చేజారిన మరుక్షణము తాము పరాధీనులగుదురనియు వారెరుగుదురు.

కట్నపు సొమ్ము ఎవరికి చేరెడిది? దానిని వారు ఐరిష్ భాషలో 'స్ప్రే' అనెడివారు. ఆ మాటకు పశుధనమనియు అర్థము కలదు. ఆ సొమ్ము పెండ్లికొడుకునకు దక్కదు, పెండ్లికూతురునకు దక్కదు. పెండ్లికొడుకు తండ్రి చేతికి పోవును. అతడు పొలము వదలుకొన్నందుకు బదులు అది. ఆ డబ్బుతో ఆయన తన కూతురునకు కట్నమిచ్చి వేరొక యింటికి పంపును. ఇంకను మిగిలినచో చిన్న కొడుకునకు ఓడ టిక్కెట్టు కొనును. కోడలు తెచ్చిన సొమ్ము ఆడబిడ్డకు కట్నమగును. ఆ ఆడబిడ్డ తీసికొనిపోయిన సొమ్ము మరియొక యింటి ఆడబిడ్డకు కట్నమగును. ఇట్లు ఒకే సొమ్ము పది యిండ్లు తిరుగును. ఎవరి యింటను నిలువదు.

కట్నము నిజముగా మగవానికి ఇచ్చు వెలయా, భూమికి ఇచ్చు వెలయా? దీనికి సమాధానము ఇల్లరికపు పెండ్లిలో దొరకును. కొడుకులు లేని యింట కూతురే పొలమునకు వారసురాలగును. అట్టి యింటికి వచ్చు అల్లుడు తానే సొమ్ము తీసికొని రావలెను. అతడు మగవాడైనంత మాత్రమున అతనికి మినహాయింపు లేదు. ఆ యింటికి కోడలు తేవలసిన దానికంటె ఎక్కువయే అతనిని అడిగినను అడుగుదురు. ఊరివారు జీవితాంతము ఆ చేనిని అతని మామగారి పేరుతోనే చెప్పుకొందురు. ఇల్లటపుటల్లుళ్ళను ఎరిగిన మన పల్లెలవారికి ఆ మనుష్యుని మనస్సు చక్కగా తెలియును. కావున ఆ దేశమున కట్నము స్త్రీపురుషులను చూచి నిర్ణయింపబడినది కాదు. భూమి యెక్కడ నున్నదో సొమ్ము అక్కడికి నడచినది.

పెండ్లికి ఋతువును ఉండెడిది. ఈస్టరు పండుగకు ముందు నలుబది దినములు కాథలికులకు ఉపవాస కాలము. ఆ దినములలో దేవాలయమున వైభవముగ పెండ్లి జరుగదు, మనకు శూన్యమాసములలో జరుగనట్లే. అందుచేత జనవరి 6వ తేది పండుగ మొదలు ఉపవాసములు ప్రారంభమగు బుధవారమునకు ముందునాటి మంగళవారము వరకు పెండ్లిండ్ల కాలము. పొలము పనులును అప్పుడు తక్కువ. ఆ చివరి మంగళవారమునాడు పెండ్లిండ్లు మెండు.

ఆ గడువు దాటినను పెండ్లి కానివారికి ఊరిలో తిప్పలు తప్పెడివి కావు. ఉపవాస కాలపు మొదటి ఆదివారమునాడు దేవాలయమునకు వచ్చిన బ్రహ్మచారుల, ముదిరిన కన్యల వీపులపై కుర్రవాండ్రు సుద్దతో గీతలు గీచెడివారు. కొన్ని చోట్ల మరునాడు వారిపై ఉప్పు చల్లెడివారు. వచ్చు సంవత్సరము వరకు చెడక నిలువయుండుటకట! కెర్రీ జిల్లా తీరమునకు దూరముగా సముద్రములో స్కెల్లిగ్ అను రాతి దీవి కలదు. పూర్వము అక్కడ సన్యాసుల మఠముండెడిది. ఆ దీవిలో పాత పంచాంగము ప్రకారము ఉపవాసములు ఆలస్యముగా మొదలగునని జనుల నమ్మకము. కావున గడువు దాటిన బ్రహ్మచారులు ఫలానా ఫలానా వారితో జంటగా స్కెల్లిగ్ దీవికి పడవ నెక్కుచున్నారని పేర్లు చేర్చి ఎగతాళి పద్యములు కట్టి కార్కు, కెర్రీ జిల్లాలలో ఊరంతయు త్రిప్పెడివారు.

పెండ్లినాటి రాత్రి వేడుకకు పిలువకయే వచ్చెడి అతిథులు కొందరుండెడివారు. ముఖములకు గడ్డితో అల్లిన కొస టోపీల వంటి ముసుగులు తగిలించుకొని, ఒంటినిండ గడ్డి కట్టుకొని, ఊరి పడుచువాండ్రు గుంపుగా వచ్చెడివారు. వారి నాయకుడు పెండ్లికూతురుతో ఒక ఆట ఆడి, దంపతులకు శుభము పలికి, మరల గుంపుతో చీకటిలో కలసిపోయెడివాడు. వారు వచ్చుట శుభమని తలచెడివారు. కొన్ని ప్రాంతములలో కోడలు గడపలో అడుగిడునపుడు అత్తగారు ఓట్సు పిండితో చేసిన రొట్టెను ఆమె తలపై విరిచెడిది. ఆ దినమునుండి ఒకే పొయ్యివద్ద ఇద్దరు స్త్రీలు. పడమటి గదిలో ఒకరు, వంటయింటిలో ఒకరు. ఆ కథ నేను చెప్పనక్కరలేదు.

ఇంతవరకు పెద్దల మాటలే చెప్పితిని. పిల్ల మాటయేమి? దేవాలయ ధర్మము ప్రకారము వధూవరుల సమ్మతి లేనిదే పెండ్లి చెల్లదు. గురువు ఎదుట ఆమె తన నోట 'ఇష్టమే' యని పలుకవలెను. ఐనను తండ్రి కుదిర్చిన సంబంధమును కాదన్న పిల్లకు ఇంకొకటి కుదురునను నమ్మకము లేదు. కొందరు పిల్లలు పెండ్లికి కొలది దినముల ముందుగాని వరుని ముఖము చూచియుండరు. ముప్పది యేండ్ల పిల్లకు ఏబది యేండ్ల వరుడు దొరకుట అరుదు కాదు. అందరును దుఃఖపడిరనుట అసత్యము. ఒకే విధమైన శ్రమలో పెరిగిన ఇద్దరు, ఒకరి నొకరు గౌరవించుకొని చక్కగ కాపురము చేసిన యిండ్లును ఎన్నియో ఉండెను. కాని బిడ్డలు కలుగని స్త్రీ గతి కష్టము. తప్పు ఎవరిదైనను నింద ఆమెదే.

ఈ బాధ ఆ దేశపు సాహిత్యములో చక్కగ వినవచ్చును. క్షామమునకు పూర్వమే, 1780 ప్రాంతమున, క్లేర్ జిల్లాకు చెందిన బ్రయన్ మెరిమన్ అను బడిపంతులు 'అర్ధరాత్రి న్యాయస్థానము' అను పెద్ద హాస్యకావ్యమును ఐరిష్ భాషలో వ్రాసెను. అందు దేవకన్యల రాణి న్యాయపీఠముపై కూర్చుండును. పడుచుపిల్ల యొకతె లేచి, ఈ దేశపు మగవారు ముసలివారగువరకు పెండ్లాడరనియు, ఆడినను డబ్బున్న ముదుసలినే వెదకుదురనియు ఫిర్యాదు చేయును. తీర్పు మగవారికి వ్యతిరేకముగ వచ్చును. పెండ్లికాని పంతులుగారే మొదటి దోషిగా పట్టుబడి, దెబ్బలు పడబోవు సమయమున నిద్రనుండి మేల్కొనును.

1959లో లిస్టోవెల్ పట్టణమున జాన్ బి. కీన్ రచించిన 'సైవ్' అను నాటకమును ఔత్సాహిక నటులు ప్రదర్శించిరి. తల్లిదండ్రులు లేని బడిపిల్లను ఒక ముసలి రైతునకు కట్టబెట్టుటకు మధ్యవర్తి బేరము కుదుర్చును. ఇక్కడ ముసలివాడే ఎదురు సొమ్మిచ్చును. కథ పిల్ల మరణముతో ముగియును. తెలుగువారికి ఇది వినినంతనే గురజాడవారి 'కన్యాశుల్కము' తలపునకు రాక మానదు. ఆ నాటకము ఆ సంవత్సరమే అఖిల ఐర్లండు పోటీలలో బహుమతి పొందినది. ఊరూర జనులు విరగబడి చూచిరి. తమ యిండ్లలో జరిగినదానిని రంగస్థలముమీద చూచుకొనుటకు వారు సిద్ధముగా నుండిరన్నమాట.

కట్నమునకు మరియొక ముఖమును కలదు. జాన్ ఫోర్డు 1952లో తీసిన 'ది క్వైట్ మాన్' అను చిత్రమును చూచిన శ్రోతలుందురు. అమెరికానుండి తిరిగివచ్చిన కథానాయకుడు భార్య తెచ్చు సొమ్ము తనకక్కరలేదనును. ఆమె మాత్రము తన అన్న తన కట్నమును, తన సామానును ఇచ్చితీరవలెనని పట్టుపట్టును. ఇది అత్యాశ యని అతడు పొరబడును. ఆమెకు అది తన మానము. వట్టిచేతులతో అడుగిడిన స్త్రీ ఆ యింట పనికత్తెతో సమానము. సొమ్ముతో వచ్చిన స్త్రీ ఆ యింటి యజమానురాలు. తుదకు అన్న డబ్బు విసరివేయగా, భార్యాభర్తలు కలిసి దానిని యంత్రపు కొలిమిలో పడవేయుదురు. కావలసినది డబ్బు కాదని అప్పుడతనికి బోధపడును.

ఇక ఆ ఒప్పందపు వెల చెల్లించినవారెవరు? పెండ్లి కానివారు చెల్లించిరి. 1930–40 మధ్య లెక్కలు చూడగా, నలుబదియైదు దాటిన స్త్రీలలో సుమారు నాలుగవ వంతుమంది, పురుషులలో అంతకంటె ఎక్కువమంది అవివాహితులుగనే యుండిరి. అన్న పొలములో జీతము లేని కూలివలె బ్రతుకు వెళ్ళబుచ్చిన తమ్ములెందరో!

దేశము విడిచినవారును చెల్లించిరి. 1841లో 80 లక్షలు దాటిన జనము 1911 నాటికి 44 లక్షలకు దిగినది. పిల్ల గాని, పిల్లవాడు గాని అమెరికాకు బయలుదేరుటకు ముందునాటి రాత్రి ఆ యింట బంధుమిత్రులు చేరి తెల్లవార్లు మేలుకొనెడివారు. దానికి 'అమెరికా జాగరణ' యని పేరు. శవమువద్ద చేయు జాగరణకు వాడెడి మాటయే దీనికిని వాడిరి. పాటలు, ఆటలు, తెల్లవారుజామున తల్లి ఏడ్పు. పోయినవాడు మరల కనబడునను ఆశ లేదు. అదే యింట, అదే సంవత్సరమున, కోడలు తెచ్చిన సొమ్ముతో ఒక పెండ్లి వేడుకయు, ఒక అమెరికా జాగరణయు జరిగియుండవచ్చును. రెండును ఒకే ఒప్పందములోని రెండు భాగములు.

అయినను ఈ వలసలోనే ఆ ఆచారమునకు విరుగుడు దాగియున్నది. ఐరోపాలోని ఇతర దేశములనుండి మగవారు ఎక్కువగ వలసపోగా, ఐర్లండునుండి పెండ్లికాని ఆడపిల్లలును ఇంచుమించు వారితో సమానముగ పోయిరి. బోస్టన్, న్యూయార్కు నగరములలో ఇండ్లలో పనిచేసి కూడబెట్టి ఇంటికి డబ్బు పంపిరి. చెల్లెండ్రకు టిక్కెట్లు పంపిరి. కొందరు తమ కట్నము తామే సంపాదించుకొని తిరిగివచ్చిరి. అట్టి పిల్ల సంబంధపు మాటలలో నోరెత్తి తన యిష్టము చెప్పగలిగెడిది. ఆమె చేతిలోని సొమ్ము తండ్రిది కాదు గదా!

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ మార్పు వేగము పుంజుకొన్నది. ఇంగ్లండులో ఆస్పత్రులలో, కార్ఖానాలలో పని దొరకెడిది. అత్తగారు పడమటి గదినుండి కనిపెట్టుచుండగా పది ఆవుల పాలు పితుకుటకంటె అక్కడ నర్సుగా బ్రతుకుట మేలని పిల్లలు తలచిరి. పొలమున్న బ్రహ్మచారులకు పిల్లలు దొరకుట మానిరి. ఒకనాడు తండ్రులు భూమి నడచి చూచి పెదవి విరిచెడివారు. ఇప్పుడు పిల్లలే పెదవి విరిచిరి.

చట్టములు తరువాత వచ్చినవి. అంతవరకు భర్త తన పొలమంతయు తన యిష్టము వచ్చినవారికి మరణశాసనము వ్రాసి, భార్యకు ఏమియు లేకుండ చేయవచ్చును. 1965లో చేసిన వారసత్వ చట్టము, బిడ్డలున్న భార్యకు మూడవ వంతు, లేనిచో సగము హక్కుగా నిచ్చినది. 1976 చట్టము ప్రకారము భార్యాభర్తలలో ఒకరి వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే రెండవవారు నివాసగృహమును అమ్మరాదు. విడాకులను అనుమతింపవచ్చునాయని 1986లో ప్రజల నడిగినప్పుడు వారు వలదనిరి. చేను రెండు ముక్కలగునను భయము ఆనాటి చర్చలలో బలముగ వినబడినది. 1995లో కొలది ఆధిక్యముతో అంగీకరించిరి. నూరేండ్ల నాటి ఆ పాత భయము ఎంత లోతుగ పాతుకొన్నదో దీనివలన తెలియును.

క్లేర్ జిల్లాలో లిస్డూన్‌వార్న అను చిన్న పట్టణము కలదు. గంధకపు నీటి ఊటలకు అది ప్రసిద్ధి. కోతలు తీరిన పిమ్మట రైతులు సెప్టెంబరులో అక్కడికి స్నానములకు వచ్చెడివారు. వచ్చినప్పుడే సంబంధములును చూచుకొనెడివారు. నేటికిని సెప్టెంబరులో అక్కడ పెండ్లి సంబంధముల ఉత్సవము జరుగుచున్నది. దూరదేశములనుండి యాత్రికులు వత్తురు. సంగీతము, నృత్యము, పానశాలలలో సందడి. ఆవులెన్నియని అడుగువారు లేరు, భూమి నడచువారు లేరు.

మన దేశమున 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. ఆ చట్టము చరిత్ర మనమెరిగినదే. ఐర్లండు పల్లెలలో కట్నమును తొలగించినది చట్టము కాదు, ఆడపిల్ల చేతికి వచ్చిన జీతము. వలదని చెప్పి వేరొకచోట బ్రతుకగల స్థితి ఆమెకు కలిగిననాడు ఆ బేరము నిలువలేదు. పోయిన ఆచారమును మనము సులభముగ నిందింపగలము. క్షామము చూచిన తండ్రి, పొలము ముక్కలైన అందరును చత్తురని భయపడి చేసిన ఏర్పాటది. ఆ భయము నిజమైనదే. దానినుండి అతడు పొలమును కాపాడెను. ఆ కాపుదల ఖర్చు మాత్రము పొలము దక్కని బిడ్డలు భరించిరి. ఏ దేశమున గాని పెద్దలు పెండ్లిమాటలకు కూర్చుండినప్పుడు, ఈ ఏర్పాటుకు వెల యెవరు చెల్లింతురను ప్రశ్నను కూడ పీట వేసి కూర్చుండబెట్టుట మంచిదని నాకు తోచుచున్నది.